కండువా తీయక్కర్లేదన్నారు

ఎలక్షన్ రోజు రద్దీలో నిలబడలేక, ఈ సాయంత్రం ఎర్లీ వోటింగ్‌కి ఇక్కడ అమెరికాలో మా ప్లేనో లైబ్రరీకి వెళ్ళాను. తెనాలి నుంచి వచ్చి మా దగ్గరుంటున్న మామగారూ బయల్దేరారు. ఓటు నాది, ఇస్త్రీ చొక్కా ఆయనది. పైన అక్కడి తన పార్టీ కండువా. దాని రెండు కొసల మీదా వాళ్ళ నాయకుడు దండం పెడుతూ ఉంటాడు.

గుమ్మం దగ్గర ప్రచారం టోపీలు, చొక్కాలు కుదరవని బోర్డు ఉంది. తీసేయమన్నాను.

"తియ్యను. మా ఊళ్ళో పోలింగ్ ఆఫీసరే తీయించలేకపోయాడు. రానీ, నేను మాట్లాడతా" అంటూ గొంతు సవరించుకున్నారు.

లైన్ చూసే పెద్దావిడ రానే వచ్చింది. బొమ్మ చూసి, ఈయన మన బ్యాలెట్‌లో ఉన్నారా అని నన్నడిగింది. లేరు, ఇండియాలో లీడర్ అన్నాను.

"ఓ, దెన్ ఇట్స్ ఫైన్! లవ్‌లీ స్కార్ఫ్!" అని నవ్వి వెళ్ళిపోయింది.

"ఏమంటుందమ్మా?"

"ఉంచుకోవచ్చంట మావయ్యగారూ. ఆయనెవరో ఇక్కడెవరికీ తెలీదుగా, పర్లేదంట."

నేను ఓటేసి వచ్చేసరికి మామగారు కండువా మడిచి ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నారు. తీయమంటే ఇన్నేళ్ళుగా ఎవరి మాటా వినని మనిషి, తీయక్కర్లేదనగానే తీసేశారు.

ఇప్పుడు భోజనం వద్దంటున్నారు. తెనాలి వైపు వాళ్ళెవరైనా ఉంటే ఒకసారి ఫోన్ చేసి, ఆ నాయకుడి గురించి ఆయనతో కాసేపు మాట్లాడండి, పుణ్యముంటుంది. ఎదుటి పార్టీ వాళ్ళయితే ఇంకా మంచిది.