మూడంగుళాల అబద్ధం

బజారులో ఆమెను అందరూ కొలతలమ్మ అనేవారు. తూనికలు, కొలతల ఆఫీసులో ఇన్‌స్పెక్టరు. ఇరవై రెండేళ్లుగా ఇత్తడి రాళ్ల పెట్టె పట్టుకుని దుకాణం దుకాణం తిరిగి కాటాలు పరీక్షించడం, సరిగ్గా ఉన్నవాటికి ముద్ర వేయడం, లేనివాటిని పట్టుకుపోవడం ఆమె పని. నలభై ఎనిమిదేళ్లుంటాయి. పొట్టి మనిషి, కాస్త భారీ విగ్రహం. ఆమె వీధి మలుపు తిరిగిందంటే కాటా పళ్లేల కింద మోసానికి అంటించిన ముక్కలు వాటంతటవే ఊడిపోతాయని దుకాణదారులు నవ్వుకునేవారు. మొహమాటం లేని మనిషని పేరు. ఆ పేరంటే ఆమెకు లోలోపల ఇష్టం.

గుర్రపు స్వారీ కూడా ఆఫీసు పని మీదే అబ్బింది. ఊరి చివర స్వారీ నేర్పే చోట దాణా తూచే కాటా పరీక్షకు వెళ్లిందొకసారి. ముద్ర వేసి లేస్తుంటే, అక్కడి మాస్టారు తూచడమేనా, ఎక్కేదేమైనా ఉందా అని వేళాకోళమాడాడు. ఏ కళనుందో, ఎక్కింది. జేగురు రంగు గుర్రం, వయసు మళ్లింది, నిమ్మళమైన నడక. అందరూ దాన్ని తాతయ్య అనేవారు. ఆ రోజు ఇంటికొచ్చి తొడల నొప్పితో మెట్లు దిగలేక భర్త భుజం పట్టుకుంది గాని, మళ్లీ ఆదివారానికి తయారైంది. అలా మూడేళ్లు.

మూడో ఏడు మాస్టారు ఆమెను పోటీలో నిలబెట్టాడు. దూకడాలేం లేవు. గుర్రాన్ని నడిపించి, గుండ్రంగా తిప్పి, పరుగులోకి తెచ్చి, చెప్పినచోట ఆపి చూపించాలి. దానికి తెల్ల ప్యాంటు, మోకాళ్లదాకా బూట్లు, ముదురు రంగు కోటు ఉండి తీరాలి. ప్యాంటూ బూట్లూ దొరికాయి. చిక్కంతా కోటుతోనే వచ్చింది.

స్వారీ సామాను అమ్మే దుకాణంలో కోట్లన్నీ పదిహేడేళ్ల పిల్లల నడుములకు కుట్టినట్టున్నాయి. ఒకటి భుజాల దగ్గరే ఆగిపోయింది. ఇంకోటి దిగింది గాని, బొత్తానికీ కాజాకీ మధ్య జానెడు దూరం. అమ్మే అమ్మాయి ఏ దురుద్దేశమూ లేకుండానే, మగవాళ్ల సైజులు చూపించనా ఆంటీ అని అడిగింది. పక్కన అద్దం ముందున్న పిల్ల ఎవరో కిసుక్కున నవ్వింది. తనను చూసి కాకపోవచ్చు. కొలతలమ్మ మాత్రం చెవులదాకా ఎర్రబడి, ఫోనొచ్చినట్టు నటించి బయటపడింది.

ఇక కుట్టించుకోవడమే దారి. బజారులో కోట్లు కుట్టే టైలరు ఒకాయన ఉన్నాడు. హోటలు సిబ్బందికీ, స్కూలు బ్యాండు పిల్లలకూ ఆయనే కుడతాడు. కానీ ఆయన తన చుట్టూ టేపు తిప్పి, వచ్చిన అంకెను పైకి చదువుతాడన్న ఊహే ఆమెకు ఒళ్లు జలదరింపజేసింది. కొలతలు తానే తీసుకెళ్లాలనుకుంది. గది తలుపు వేసుకుని అద్దం ముందు నిలబడింది. నేను పట్టుకోనా అని భర్త బయటినుంచి అడిగితే, వద్దులెండి అంది.

నడుము దగ్గర టేపు నలభై చూపించింది. ఊపిరి బిగబట్టి మళ్లీ కొలిచింది. నలభయ్యే. పోటీకి ఇంకా ఏడు వారాలుంది కదా, ఆలోగా తగ్గకపోతానా అనుకుంటూ చీటీ మీద ముప్పై ఏడు రాసింది. నడుము తగ్గినప్పుడు ఛాతీ తగ్గదా అని అక్కడా మూడు కోసింది. ఇరవై రెండేళ్లలో ఆమె రాసిన మొదటి తప్పుడు కొలత అది.

టైలరు చీటీ చూశాడు. ఆమెను చూశాడు. గుర్రం మీద కూర్చునే కోటు కాబట్టి ఒక్కసారి తను కూడా టేపు పెట్టి చూస్తానని నెమ్మదిగా అడిగాడు.

“కొలతలు తీయడం నా ఉద్యోగం. మీరు కుట్టండి, చాలు,” అంది ఆమె.

ఆయన చీటీని కొలతల పుస్తకంలో పిన్ను పెట్టుకున్నాడు.

ఐదు వారాలు గడిచాయి. ఆమె అరంగుళం కూడా తగ్గలేదు. కోటు తయారైందని కబురొస్తే, ఏమో, గుడ్డ సాగుతుందేమో అనుకుంటూ వెళ్లింది. దుకాణంలో ఇద్దరు ఆడవాళ్లు, ఒక బ్యాండు మాస్టారు కూర్చుని ఉన్నారు. ముదురు నీలం కోటు, చూడముచ్చటగా ఉంది. తొడుక్కుని బొత్తాం పెట్టబోతే అందలేదు. పొట్ట లోపలికి లాక్కుంది. అయినా అందలేదు. అద్దంలో వెనక కూర్చున్న ముగ్గురి కళ్లూ తన నడుము మీదే ఉన్నట్టనిపించింది.

అప్పుడు అన్న మాట ఆమె ముందుగా అనుకున్నది కాదు. నోరు జారి వచ్చేసింది.

“మీ టేపు ఎప్పుడైనా చెక్ చేయించారా?”

వేరేవాళ్లు అంటే విసురుగా అన్న మాట. కొలతలమ్మ అంటే అది తీర్పు. బ్యాండు మాస్టారు తల పైకెత్తాడు. టైలరు పుస్తకం తీసి చీటీ ఉన్న పేజీ దాకా తిప్పాడు. ఆయన ఒక్క క్షణం చూసి పుస్తకం మూసేశాడు.

“నా వల్లే ఎక్కడో తేడా వచ్చి ఉంటుందమ్మా. సరిచేస్తాను, వదిలివెళ్లండి,” అన్నాడు.

వదిలి వచ్చేసింది. ఆ నాలుగు రోజులూ అన్నం ముందు కూర్చుంటే ఆయన పుస్తకం మూసిన తీరే కళ్ల ముందు కదిలేది. వెళ్లి చెప్పేద్దామనుకునేది, ముఖం చెల్లేది కాదు.

ఐదో రోజు ఆఫీసుకు ఫిర్యాదొచ్చింది. ఆ రోజు టైలరు దుకాణంలో కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లలో ఒకావిడ రాసింది. ఫలానా టైలరు టేపు తప్పని ఇన్‌స్పెక్టరు గారే అందరి ముందూ అన్నారు, మరి చర్య ఎందుకు తీసుకోలేదని. ఆ కాగితం ఆమె పక్కసీటాయనకు వెళ్లింది. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి, మాట తక్కువ. ఆయన వెళ్లి టేపు పరీక్షించి వచ్చి, టీ తాగుతూ ఆమె వైపు చూడకుండానే చెప్పాడు.

“టేపు సరిగ్గానే ఉంది. పుస్తకం తిరగేస్తుంటే ఓ చీటీ కనబడింది. ఆయన చూపించలేదు, నా కంటబడింది. ఏడంకె మధ్యలో గీత పెట్టేది మన ఆఫీసులో ఒక్కరే.”

అంతే అన్నాడు. కప్పు కడుక్కోవడానికి లేచి వెళ్లాడు. కొలతలమ్మకు తల కొట్టేసినట్టయింది. ఎదురుగా ఉన్న ఫైలులో ఒక్క అక్షరం కనబడలేదు. నలుగురిలో తిట్టినా అంత బాధపడేది కాదేమో.

ఆ సాయంత్రం టైలరు దుకాణానికి బయల్దేరింది. లోపల ముగ్గురున్నారు. ఆగకుండా ముందుకు నడిచి, పళ్ల దుకాణం దగ్గర నిలబడి ఏవో కాయలు ఏరుతున్నట్టు కాలం గడిపింది. దుకాణం ఖాళీ అయ్యాకే వెనక్కి వచ్చింది. గుమ్మంలో నిలబడే చెప్పింది. చీటీలో తప్పు రాశానని, మీ టేపులో ఏ దోషమూ లేదని నాకు అప్పుడే తెలుసునని. మాట సగం సగంగా వచ్చింది.

టైలరు ఏదో అనబోయాడు. లోపల కాజాలు కుడుతున్న ఆయన భార్య సూది ఆపి తలెత్తింది.

“ఆ రోజు అందరి ముందూ అన్నారు కదమ్మా. ఇవాళ ఎవరూ లేనప్పుడు చెబుతున్నారు.”

కోపంగా అనలేదు. ఉన్న మాట అంది. టైలరు భార్యను ఊరుకోమన్నాడు గాని, ఆవిడ చూపు తిప్పుకోలేదు. బ్యాండు మాస్టారు పిల్లలకు నలభై కోట్లు కుట్టే పనిని వేరేచోటికి పట్టుకుపోయాడని, ఫోను కూడా ఎత్తడం లేదని ఆవిడే చెప్పింది.

కొంతసేపటికి టైలరు ఒక ఎత్తు బల్ల లాగి, దాని మీద గుడ్డ తాను ఒకటి అడ్డంగా వేసి, గుర్రం మీద కూర్చున్నట్టు కూర్చోమన్నాడు. కళ్లెం పట్టుకున్నట్టు చేతులు ముందుకు చాపమన్నాడు. ఈసారి టేపు తనే పెట్టాడు. అంకె పైకి చదవలేదు, చూసి రాసుకున్నాడు.

“మీరు చీటీ ఇచ్చినప్పుడే తెలిసిందమ్మా, ఆ కొలతలు మీవి కావని,” అన్నాడు పని చేసుకుంటూనే. “గట్టిగా అడగాల్సింది. మీ ఉద్యోగం చూసి భయపడ్డాను. అందుకే కుట్ల లోపల గుడ్డ ఎక్కువే వదిలాను. అదీ చాలలేదు, పక్కల్లో ముక్క వేస్తాను. తెలియకుండా వేస్తాను.”

తనను చూసి భయపడ్డాడన్న మాట దగ్గర ఆమెకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బల్ల మీద గుర్రం ఎక్కిన భంగిమలో, చేతులు చాపుకుని ఉంది. తుడుచుకోవడానికి కూడా లేదు.

మర్నాడు పక్కసీటాయన బల్ల మీదనుంచి ఆ ఫైలు అడిగి తీసుకుంది. ఫిర్యాదుకు మూలమైన కొలతలు తానే తప్పుగా రాసిచ్చిందని, టైలరు టేపు సరైనదని తెలిసి కూడా ఆయనను నలుగురిలో అనుమానించిందని రాసి సంతకం పెట్టింది. ఫిర్యాదు చేసినావిడకు ఆ కాగితం నకలు పంపారు. బ్యాండు మాస్టారికి మాత్రం ఆమె స్వయంగా వెళ్లి చెప్పింది. ఆయన మర్యాదగా విని, గుడ్డ అప్పుడే కత్తిరించేశారండీ అన్నాడు. ఆ పని టైలరుకు తిరిగి రాలేదు. పై అధికారి పిలిచి చీవాట్లు పెట్టి, బజారు పని తప్పించి, లారీలు తూచే కాటాల దగ్గర వేశాడు. ఆఫీసులో రెండు నెలలు నవ్వుకున్నారు. ఆమె లోపలికి రాగానే ఎవరో ఒకరు స్కేలు తీసి బల్ల కొలిచేవారు.

పోటీ రోజు కోటు ఒంటికి అమరిపోయింది. కళ్లెం కోసం చేతులు చాపినా వీపు మీద గుడ్డ బిగియలేదు. పరుగులో కోటు వెనక చీలిక జీనుకు రెండు పక్కలా సర్దుకుని పడింది. పక్కల్లో వేసిన ముక్క వెతికినా కనబడదు. తాతయ్య ఆగాల్సిన చోటు రెండడుగులు దాటి ఆగింది. తొమ్మిది మందిలో ఏడో స్థానం వచ్చింది.

కిందికి దిగాక, ఆమెతో పాటు పోటీ చేసిన పళ్ల డాక్టరమ్మ కోటు చెయ్యి పట్టి చూసి, ఎవరు కుట్టారు, మొదటిసారికే ఇంత బాగా కుదిరిందా అని అడిగింది. దుకాణం ఎక్కడో చెప్పి ఊరుకోవచ్చు. చుట్టూ ఆరేడుగురున్నారు.

“కుదరలేదండీ. మొదట కొలతలు నేనే తగ్గించి రాసిచ్చాను. పట్టకపోతే ఆయన మీదకు తోసేశాను,” అంది.

డాక్టరమ్మ తాతయ్య మెడ నిమిరింది. తర్వాత ఆవిడా, ఇంకో ఇద్దరూ ఆ దుకాణంలోనే కోట్లు కుట్టించుకున్నారు.

కొలతలమ్మ ఇప్పటికీ భర్త ప్యాంట్లు బాగుచేయించడానికి అక్కడికే వెళుతుంది. టైలరు మామూలుగా మాట్లాడతాడు. ఆమెను చూడగానే ఆయన భార్య మాత్రం కాజాల పని తీసుకుని లోపలికి వెళ్లిపోతుంది. మనసులో పెట్టుకోకండని టైలరు ఓసారి సర్దిచెప్పబోయాడు. ఆవిణ్ణి ఏమీ అనకండి అంది కొలతలమ్మ. ఆ దుకాణంలో ఇంకెవరైనా కూర్చుని ఉంటే ఆమె ఓ నిమిషం ఎక్కువే నిలబడుతుంది, ఆ సంగతి అడుగుతారేమో, మళ్లీ చెబుదామని. ఎవరూ అడగరు.