తువ్వాల కింద తొమ్మిది అడుగులు

దయ్యాల ముచ్చట్లు మొదలైతే అక్కణ్నుంచి లేచిపోయే అలవాటు నాది. నందిపేట్ బడిలో సైన్సు చెప్పేవాణ్ని. భయమనేది తెలియనితనం వల్ల పుడుతుందని పిల్లలకు చెప్పేవాణ్ని, నేనూ అదే నమ్మాను. ఇప్పుడు రాయబోయేది చీకట్లో జరిగింది కాదు. మార్చి నెలలో, పొద్దున పదకొండు గంటలకు, నడిబజారులో, నలుగురి ఎదుట జరిగింది.

మాది ఆర్మూర్‌లో పసుపు అడ్తి దుకాణం. రైతులు తెచ్చిన పసుపును కొనేవాళ్లకు అమ్మిపెట్టడం మా ఇంటి పని. నాన్న తర్వాత అన్న నడిపాడు. నేను ఉద్యోగంలో పడి ఆ వైపు చూడలేదు. దుకాణం ముందు మా ముత్తాత కట్టించిన సావిడి ఉండేది. రాతి దిమ్మెల మీద రెండు వరసల టేకు స్తంభాలు. ఏళ్ల తరబడి పసుపు దుమ్ము పట్టి ఆ కర్ర రంగే మారిపోయింది. అట్లాంటి సావిడి మా బజారులో అదొక్కటే మిగిలింది.

తొంభైల మొదట్లో ఊరు కిక్కిరిసిపోయింది. గల్ఫ్ డబ్బుతో మేడలు లేచాయి. ఒక్క పసుపు లారీ ఆగితే బస్సులు గంటసేపు నిలిచిపోయేవి. ఒకసారి నొప్పులు పడుతున్న ఒకామెను ఆ ఇరుకులోంచి మంచం మీద మోసుకుని దవాఖానకు తీసుకుపోయారు. రోడ్డు వెడల్పు చెయ్యొద్దని అనగలిగినవాళ్లు ఎవరూ లేరు. ఎవరి గోడ పోవాలన్నదే తగాదా.

మా దగ్గర పన్నెండు అడుగులు కావాలన్నారు. మా వైపు తీసుకుంటే రెండు వరసల స్తంభాలూ పోతాయి. ఎదురు వైపు తీసుకుంటే బీడీలు చుట్టేవాళ్ల ఐదు ఇళ్లు పోతాయి. వాళ్ల ఇళ్ల లోతే పన్నెండు, పదమూడు అడుగులు.

ఒక్క స్తంభం కూడా ఇవ్వనని అన్న బజారంతా వినేట్టు చెప్పాడు. పాత కట్టడాన్ని కాపాడాలని పై అధికారులకు అర్జీలు పెట్టాడు. అవి రాసింది నేనే. దీపావళికి ముందు ఆయనకు పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. నిజామాబాద్ దవాఖానలో పది రోజులుండి చనిపోయాడు.

అర్జీ పనిచేసింది. మార్చిలో రోడ్ల ఇంజనీరు వచ్చి, మీరు కుదరదని సంతకం పెడితే గీత ఎదురు వైపుకు జరుపుతామన్నాడు. కుదరదని చెప్పడానికే నేను వెళ్లాను. అన్నకు నేను చెయ్యగలిగింది అదొక్కటే మిగిలిందనుకున్నాను. ఎదురిళ్లవాళ్లకు ఇంకెక్కడైనా జాగా ఇస్తారులే అని నాకు నేను చెప్పుకున్నాను.

నలభై ఏళ్లు మా దగ్గర దలాలీ చేసిన రాజన్న కూడా వచ్చాడు. పసుపు బేరం నోటితో చెయ్యరు. చేతుల మీద తువ్వాల కప్పి, దాని కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని ధర చెప్పుకుంటారు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత లెక్క. పైకి ఎవరు ఎంత అరిచినా అసలు మాట తువ్వాల కిందే. మార్కెట్ యార్డు వచ్చాక ఆ పద్ధతి తగ్గింది కానీ రాజన్న భుజం మీద తువ్వాల మాత్రం దిగలేదు.

ఎదురు అరుగుల మీద ఆడవాళ్లు బీడీలు చుడుతూ మావైపే చూస్తున్నారు. వాళ్ల ముందు ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు. రాజన్న గమనించాడు.

"పుస్తకాలు సదివినోళ్లకు బజార్ల మాట్లాడరాదు," అని నవ్వి, తువ్వాల తీసి నా కుడిచేతి మీద కప్పాడు. "ఎన్ని అడుగులిస్తవో నా చెయ్యికి చెప్పు సారూ. ఇయ్యనంటవా, పిడికిలి పట్టు."

తల వంచుకుని పిడికిలి పట్టాను.

తువ్వాల కింద ఒక చెయ్యి వచ్చి నా పిడికిలిని మెల్లగా విప్పింది. ఐదు వేళ్లూ కలిపి పట్టుకుంది. వదిలింది. మళ్లీ నాలుగు వేళ్లు పట్టుకుని అట్లాగే ఉంది. వెచ్చటి చెయ్యి. దాని చూపుడు వేలు సగమే ఉంది.

మా అన్న చూపుడు వేలు పసుపుకు మెరుగు పెట్టే డ్రమ్ములో పడి సగం తెగిపోయింది, నేను కాలేజీలో ఉన్నప్పుడు. రాజన్నకు పది వేళ్లూ ఉన్నాయి.

"తొమ్మిది," అన్నాను పైకి. చెయ్యి వదిలేసింది.

తలెత్తి చూస్తే రాజన్న నా పక్కన లేడు. టేపు కొస పట్టుకోమని ఇంజనీరు పిలిస్తే వెళ్లాడట. అవతలి స్తంభం దగ్గర రెండు చేతులతో టేపు పట్టుకుని వంగి ఉన్నాడు. ఇంజనీరు రోడ్డు అంచున ఉన్నాడు.

"తొమ్మిదా? నేనింక చెయ్యే పెట్టలే గద సారూ," అన్నాడు రాజన్న.

ఇంజనీరు కొలిచాడు. లోపలి వరస తొమ్మిదిన్నర అడుగుల దగ్గర ఉంది. తొమ్మిది ఇస్తే ముందు వరస పోతుంది, లోపలిది నిలుస్తుంది. మిగతా మూడు అడుగులు ఎదురు వైపు. అరుగులు పోతాయి, ఇళ్లు ఉంటాయి. రోడ్డుకు కాస్త వంపు వస్తుంది, నడుస్తుందన్నాడు. అప్పటిదాకా పన్నెండూ అటో ఇటో అనే అందరూ చూశారు. పంచి కొలవాలని నాకైతే తోచలేదు. ముందు వరసను తలచుకుంటూనే సంతకం పెట్టాను.

రోడ్డు పడ్డాక ఎదురింటి గంగవ్వ వచ్చింది. అరుగు పోయినందుకు తిడుతుందనుకున్నాను.

"మీ అన్న నాకు ముందుగాలనే మాటిచ్చిండు సారూ," అంది. "తాడేసి కొలిచిండు. 'అర్జీ గీ బజారుకు చూపియ్యనీకె గంగవ్వా, ఇంటి ఫికర్ వద్దు, మూడడుగుల అరుగు ఇడువు సాలు' అన్నడు. గంతల పాణం బాగలేకపాయె."

మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"సచ్చిపోయినోని మాట నేను చెప్తే నువ్వు నమ్ముతుంటివా?"

నమ్మేవాణ్ని కాదు. అడ్తి ఇంట్లో పుట్టి కూడా, అన్న బజారులో అరిచిన ధరనే ఆయన అసలు ధర అనుకున్నాను. ఐదు కుటుంబాలు దాదాపు వీధిన పడేవి, అదీ ఆయన పేరు మీద.

తొమ్మిది ఎక్కడిదో అట్లా తెలిసింది. చెయ్యి సంగతి తెలియలేదు. దుఃఖంలో ఉన్న మనసు స్పర్శను కల్పించుకోగలదని చదివాను. కానీ నాకు తెలియని లెక్కను ఎట్లా కల్పించుకుంటుంది? రాజన్నను మళ్లీ మళ్లీ అడిగాను. ఆయన ఒకటే చెప్పాడు, తన చెయ్యి టేపు మీదే ఉందని.

ఒకటి మాత్రం తెలుసు. ధర పైకి చెప్పేస్తే బేరం ముగిసినట్టే, ఇక చెయ్యి వదిలెయ్యాలి. నేను ఆ రోజు తొందరపడి తొమ్మిది అనేశాను. ఇంకాసేపు మాట్లాడకుండా ఆ చెయ్యి పట్టుకుని ఉండాల్సింది.