ఒళ్లో పెట్టుకున్న సంచి

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అలాంటప్పుడు అడగకుండానే సాయం చేసేవాళ్లంటే నాకు మొదట్నుంచీ అనుమానమే. మా వైపు బస్సుల్లో సీటు దొరికినవాళ్లు నిలబడ్డవాళ్ల సంచి తీసుకుని ఒళ్లో పెట్టుకుంటారు. నేను మాత్రం చెయ్యి పడిపోయినా ఎవరికీ ఇవ్వను.

ఆ రోజు పెడన నుంచి విజయవాడ వెళ్తున్నాను. ఆడవాళ్లకు టికెట్ లేకుండా చేశాక ఆ బస్సుల్లో కాలు పెట్టే చోటుండడం లేదు. నా సంచిలో మా మగ్గం మీద నేసిన మధుపర్కాలున్నాయి. సాయంత్రం గవర్నర్‌పేటలో పెళ్లి. వధూవరులు పీటల మీద కట్టుకోవాల్సిన బట్టలవి. అవి చేరకపోతే ఆ పెళ్లివారికి మా మొహాలు చూపించలేం.

ఉయ్యూరు దగ్గర, సీట్లో ఉన్న ఒకావిడ "ఇలా ఇవ్వండి" అంటూ నేను సరేననేలోపే సంచి అందుకుంది. ఆవిడ కాళ్ల దగ్గర టిఫిన్ క్యారేజీ ఉంది. మాటిమాటికీ నా సంచి మూతి తడుముతోంది. ఏం వెతుకుతోందో! కంకిపాడులో ఎక్కిన జనం నన్ను వెనక్కి తోసేశారు. ఇక ఆవిడ తల కూడా కనబడలేదు.

ఆటోనగర్‌లో చాలామంది దిగారు. మెడ సాచి కిటికీలోంచి చూస్తే సగంమంది చేతుల్లో అదే పసుపు సంచి. బందరు రోడ్డు పొడుగునా అందరం ఆ ఒక్క బట్టల షాపు సంచులే మోస్తాం. ఎవరి కళ్లూ పడవని నేనూ అందులోనే పెట్టాను. ఆవిడా నా సంచితో దిగిపోయిందనుకున్నాను. ఆవిడని మనసులో తిట్టని తిట్టు లేదు.

బస్టాండులో జనం దిగాక చూస్తే, ఆవిడ అదే సీట్లో సంచిని రెండు చేతులతో పట్టుకుని కూర్చునుంది. చెయ్యి చాపాను. ఇవ్వలేదు.

"లోపలేమున్నాయో చెప్పండి."

నా సంచికి నేను సంజాయిషీ ఇవ్వాలా అని ఒళ్లు మండింది. మధుపర్కాలన్నాను. అంచు ఏ రంగని అడిగింది. ఎరుపన్నాను. సంచి మూతికి తను పెట్టిన పిన్నీసు తీసి, అంచు చూసుకుని, ఆ పిన్నీసు తన గాజుకి తగిలించుకున్నాక అప్పుడిచ్చింది. ఆటోనగర్‌లో ఇంకొకావిడ ఈ సంచి తనదేనని లాగబోయిందట.

"ఆవిడా మీలాగే గట్టిగా అడిగిందండీ. ఎవర్ని నమ్ముతాం?"

తను దిగాల్సిందీ ఆటోనగర్‌లోనే. అక్కడ షెడ్డులో పనిచేసే భర్తకి అన్నం తీసుకెళ్తోంది. కండక్టరుకిచ్చి దిగిపోవాల్సింది కదా అంటే, ఆయన మాత్రం నాకు తెలిసినవాడా అంది.

తిరుగు బస్సు కోసం వెళ్తూ మంచినీళ్ల కుళాయి దగ్గర ఆగింది. క్యారేజీ పట్టుకుంటానన్నాను. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, కాస్త ఆలోచించి ఇచ్చింది. నీళ్లు తాగుతున్నంతసేపూ ఓరకంట క్యారేజీనే చూస్తోంది.

నేను పక్కకి జరగకుండా, ఆవిడకి బాగా కనబడే చోటే నిలబడ్డాను.