మంగళవారం డ్రిప్పు

రిటైర్ కావడానికి ఐదేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, నారాయణగూడలో నేను పనిచేసే ఆసుపత్రి నన్ను డే కేర్ వార్డుకు ఇన్‌ఛార్జి సిస్టర్‌గా వేసింది. పొద్దున వచ్చి, మందు ఎక్కించుకుని, సాయంత్రంలోగా వెళ్లిపోయేవాళ్ల వార్డు అది.

ఆ రోగుల్లో స్వరూప ఒకరు. ఇరవై నాలుగేళ్లు. జనగామ దగ్గరి ఊరి నుంచి వచ్చి, అశోక్ నగర్ హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కు చదువుతోంది. ఆమెది గౌషర్ వ్యాధి. పుట్టుకతోనే ఒక ఎంజైము లోపించి, శరీరంలో కరగాల్సిన కొవ్వు పదార్థం ప్లీహంలో, కాలేయంలో, ఎముకల్లో పేరుకుపోతుంది. పొట్ట ఉబ్బుతుంది, నెత్తురు గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ఆ ఎంజైమునే బయట తయారుచేసి రెండు వారాలకోసారి నరంలోకి ఎక్కిస్తారు. జబ్బు పూర్తిగా పోదు. ఎక్కిస్తున్నంత కాలం అదుపులో ఉంటుంది.

మందు ఒక సహాయ పథకం కింద ఆమె పేరు మీదే వచ్చేది. రోగి వచ్చి, జ్వరం, బీపీ చూశాకే సీసా తెరవాలి. పొడిలో నీళ్లు కలిపాక కుదపకూడదు, నురగ వస్తే మందు చెడుతుంది, మెల్లగా తిప్పాలి. ఆపైన సెలైన్‌లో కలిపి రెండు గంటలు ఎక్కించాలి. ఈ పనిలో నాకు మంచి పేరే ఉండేది.

ఏడాదిలో స్వరూప పొట్ట తగ్గింది, ముఖానికి రంగొచ్చింది. తర్వాత వరుసగా రెండు డ్రిప్పులకు రాలేదు. ఫోను ఎత్తలేదు. రిజిస్టరులో ‘రాలేదు’ అని రాశాను. మూడోసారీ అదే రాయబోయి ఆగాను. డ్యూటీ దిగాక చిక్కడపల్లి మీదుగా అశోక్ నగర్ నడిచాను.

హాస్టల్ మెట్ల మీద చదువుకుంటోంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"మంచిగనే ఉన్న గద సిస్టర్. పరీక్ష అయినంక వస్త," అంది.

మోచేతి మీద అరచేయంత నల్లని మచ్చ. ఏమైందని అడిగితే బల్ల తాకిందంది. చిగుళ్ల నుంచి నెత్తురు వస్తోందా అని అడిగితే పుస్తకం మూసింది.

"నాలుగు రోజుల సంది వస్తుంది," అని ఒప్పుకుంది. "మంగళవారం పొద్దుగాల మా కోచింగ్‌ల టెస్టు ఉంటది సిస్టర్. డ్రిప్పుకొస్తే నెలకు రెండు టెస్టులు పోతయి. ఇంకో ఏడాది చదువుతనంటే ఇంట్ల ఒప్పుకోరు."

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?"

"మీరు అడగలే గద."

ఆమె చెప్పింది నిజం. మంగళవారం పెట్టింది నేనే. ఆ రోజు వార్డులో రద్దీ తక్కువ. అంతకు మించి కారణం లేదు.

మర్నాడు ఆమెను రప్పించి చేయించిన రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు బాగా తగ్గినట్టు తేలింది. డాక్టరు గారికి సంగతంతా చెప్పి, శనివారం మధ్యాహ్నానికి మార్చమని అడిగాను. అలర్జీ వస్తే చూడటానికి డ్రిప్పు నడిచినంతసేపూ డాక్టరు వార్డులో ఉండాలి. "నేను ఉంటా. మీకు శనివారం సగం రోజు సెలవు కదా?" అన్నారు. అది వేరే రోజు తీసుకుంటానన్నాను.

ఆ శనివారం డ్రిప్పు మామూలు కంటే మెల్లగా పెట్టాను. విరామం తర్వాత మొదలుపెడితే దద్దుర్లు, చలి రావచ్చు. మొదటి అరగంట ఆమె మంచం పక్క నుంచి కదల్లేదు. ఏమీ రాలేదు. సూది ఎడమ చేతికి ఉంది. కుడి చేత్తో పుస్తకం తిప్పుతూనే నిద్రపోయింది.

తర్వాత ఒక్క శనివారం కూడా తప్పలేదు. కొన్ని నెలలకు ప్లేట్‌లెట్లు పెరిగాయి. ఆ ఏడు పరీక్ష ఫలితాల్లో ఆమె పేరు రాలేదు. ఇంట్లో నచ్చజెప్పి మళ్లీ రాసింది. ఇప్పుడు ఒక ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటు.

మందు కలపడంలో నేనెప్పుడూ తప్పు చేయలేదు. రోజు నిర్ణయించడంలో తప్పు జరిగింది. ఆ తర్వాత రిటైరయ్యే దాకా, కొత్త రోగి వస్తే ముందు ఏ రోజు వీలుకాదో అడిగి, ఆ తర్వాతే తేదీ రాశాను.