ఆర్లిస్ చేతికి కుదిరిన బ్యాట్

మా ట్రైలర్ పార్కులో, అంటే చక్రాల ఇళ్ల కాలనీలో, నా నేస్తం ఆర్లిస్ కొట్టిన బంతి ఎక్కడ పడుతుందో ఆ దేవుడికే తెలియాలి. ఒకసారి ఈతకొలనులో పడింది. ఇంకోసారి పక్కింటి చక్ గారు మాంసం కాల్చుకునే పొయ్యిలో పడి, పాపం, కరిగిపోయింది. విస్కాన్సిన్‌లో బతుకంతా గడ్డిమోపులు ఎత్తిన చేతులవి. ఫ్లోరిడా ఎండలో చిన్న బ్యాట్‌తో ప్లాస్టిక్ బంతిని వల దాటించే పికిల్‌బాల్ ఆడమంటే ఊరుకుంటాయా?

"మెల్లగా కొట్టవే తల్లీ! అది బంతి, పాము కాదు," అని మొత్తుకునేదాన్ని.

"మెల్లగానే కొట్టానే!" అనేది. అబద్ధం కాదు, నిజంగానే అలా అనుకునేది.

ఆమె జోడీ డెల్మార్. ఒకప్పుడు పియానోలు శ్రుతి చేసేవాడు. వలకి దగ్గరగా, మేం వంటిల్లు అని పిలిచే చోట, బంతిని అలా అలవోకగా దించుతాడు. చూడముచ్చట. కానీ వెనకనుంచి కొట్టాల్సి వస్తే, నొప్పి పెట్టే భుజంతో కొట్టిన బంతి వల దాకా వెళ్లడమే గగనం. ఈ డెల్మార్ మీద ఆర్లిస్‌కి మనసు. డెబ్బై దాటాక! సిగ్గుపడి నాకొక్కదానికే చెప్పింది. నేను పార్కంతా చెప్పాను, ఆయనకి తప్ప.

శనివారం పోటీలో గెలిచిన జోడీ శీతాకాలమంతా కలిసి ఆడుతుంది. ఓడినవాళ్లు జోడీ మార్చుకోవాలి. అదీ మా రివాజు. అవతలి జోడీలో ఆడే రోజలీ ఆయన మీద కన్నేసి, అప్పుడే డెల్మార్‌కి నిమ్మ కేకులు చేసి పంపడం మొదలెట్టింది. మహాతల్లి!

"ఆయన పక్కన నిలబడితే నా వయసే గుర్తుండదే. ఓడితే ఎలా బతకను?" అని ఏడుపు మొహం పెట్టింది ఆర్లిస్.

"ముందు ఆ బ్యాట్ మార్చి చావు," అన్నాను.

డెల్మార్‌ని అడగడానికి సిగ్గుపడి, మిగతా అందరి బ్యాట్లూ అడిగి ఆడి చూసింది. ఏదీ కుదరలేదు. చివరికి అచ్చం డెల్మార్ దగ్గరున్నలాంటిదే కొనుక్కొచ్చింది. నల్లది, నీలం చార. ఆ బ్యాట్‌లో మందపుదీ పలచనిదీ రెండు రకాలున్నాయని మా ఇద్దరికీ తెలిస్తేగా! మందపుది బంతి జోరుని మింగేస్తుంది. పలచనిది తగలగానే విసిరికొడుతుంది. ఆయనది మందం, ఈవిడ తెచ్చింది పలచన. అసలే కోతి, ఆపై కల్లు తాగినట్టయింది ఆర్లిస్ ఆట.

శనివారం రోజలీ జోడీతో మొదటి ఆట చిత్తుగా ఓడారు. మంచినీళ్లకి ఆగి, అలవాటుగా బ్యాట్లు కంచెకున్న అరలో పెట్టారు. పిలుపు రాగానే ఇద్దరూ చెరొకటి లాక్కుని పరిగెత్తారు.

రెండో ఆటలో ఆర్లిస్ చెయ్యెత్తగానే మేమంతా తలలు వంచుకున్నాం. చప్పుడేదీ? చూస్తే బంతి గీతకి లోపలే పడింది! ఆర్లిస్ తన చేతిని తానే అనుమానంగా చూసుకుంది. ఆ వెంటనే డెల్మార్ వెనకనుంచి కొట్టిన బంతి రోజలీ చెవి పక్కనుంచి రివ్వున పోయింది.

"ఏం తాగొచ్చావయ్యా?" అని అరిచింది రోజలీ.

"చల్లటి టీ!" అన్నాడాయన, తానే బిత్తరపోతూ.

ఆ ఆట గెలిచారు. ఆఖరుదీ గెలిచారు. నేను ఎగిరిన ఎగురుకి నా చెప్పు ఎటో పోయింది.

ఆట అయ్యాక డెల్మార్ చేతిలోని పిడిని తిప్పి చూసుకున్నాడు. "దీనికి నేను చుట్టుకున్న పట్టీ లేదే. ఆర్లిస్, నీ చేతిలో ఉన్నది నాది!"

ఆర్లిస్ మొహం కందిపోయింది. "అయ్యో, చూసుకోలేదు. ఇదిగో, తీసుకో."

"నీది నేనివ్వను. దీంతో నా భుజానికి పనే లేదు," అన్నాడు. "ఇంతకీ అచ్చం నాలాంటిదే ఎందుకు కొన్నావు?"

పార్కంతా వల దగ్గరికి జరిగింది.

"నీది కాబట్టి," అంది ఆర్లిస్. జన్మలో మొదటిసారి మెల్లగా.

డెల్మార్ చెవులు ఎర్రబడ్డాయి. "అయితే రెండూ నీ ఇంట్లోనే ఉంచు. రోజూ పొద్దున్నే వచ్చి తీసుకుంటాను," అన్నాడు. "ఆ నిమ్మ కేకులు నాకసలు పడవు."

ఆర్లిస్ ఆనందం పట్టలేక చేతిలోని బంతిని ఒక్కటిచ్చుకుంది. మందపు బ్యాట్ అయితే ఏం, తిన్నగా పోయి ఈతకొలనులో పడింది.