నాలుగడుగులు తక్కువొచ్చిన గది

నమ్మకపోతే మానెయ్యండి. ఆ గదిలో నిలబడ్డది నేను. టేపు నా చేతిలోనే ఉంది.

రెండువేల ఐదు ప్రాంతం. జెద్దాలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. పాత ఊళ్లో, ఒకప్పుడు ఓడల్లో వచ్చే హజ్ యాత్రికులు దిగిన హోటల్‌ని కూలగొడుతున్నారు. పగడపు రాతి గోడలు. మధ్యమధ్య అడ్డంగా చెక్క దూలాలు. వీధి మీదికి పొడుచుకొచ్చిన జాలీ కిటికీలు. అలాంటి పనితనాన్ని మా మేనేజరు "పాత చెత్త" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. పైగా కూల్చేముందు రికార్డు కోసం, తెల్లారేసరికి కొలతలు కావాలట.

నేనూ, పాకిస్తానీ వడ్రంగి యూసఫ్ భాయ్. మూడో అంతస్తు. చివరి గది.

బయటి కొలతకీ లోపలి కొలతకీ పొంతన లేదు. గోడల మందం తీసేసినా నాలుగడుగులు తక్కువ. మూడుసార్లు కొలిచాను. అంతే.

దూలం కింద సన్నటి సందు కనిపించింది. స్టీలు టేపు దూర్చాను. రెండడుగులు... మూడు... నాలుగు... ఆగింది.

తర్వాత... కదిలింది.

నేను తొయ్యలేదు. అవతలి నుంచి లాగుతున్నారు. మెల్లగా. టేపు గర్... గర్... మంటూ లోపలికి పోతోంది.

"కోయీ ఖీంచ్ రహా హై," అన్నాడు యూసఫ్ భాయ్. ఎవరో లాగుతున్నారని.

టేపు ఆగింది. ఇద్దరం గోడకి చెవులు ఆనించాం. ఆడగొంతు. ఎండిపోయిన గొంతు.

"నీళ్లు..."

తెలుగులో.

మేనేజరుకి ఫోన్ చేశాను. ఆయనా మనవాడే, కాకినాడ.

"పిల్లి అయ్యుంటుందయ్యా. బిల్డింగ్ ఖాళీ అని పేపరుంది. సాలిడ్ వాల్ అని గీసెయ్."

"పిల్లి తెలుగు మాట్లాడుతుందా సార్?"

ఫోన్ పెట్టేశాడు.

ఎవరింట్లోంచో పారిపోయొచ్చిన పనిమనిషి ఇరుక్కుందేమో అనుకున్నాను. ఇద్దరం గునపం తీసుకున్నాం. అరగంటలో మనిషి పట్టేంత కన్నం పడింది. టార్చి వేశాను. ఇరుకు గది. తలుపు లేదు. కిటికీ లేదు. నేల మీద వేలి మందాన దుమ్ము... ఒక్క అడుగు గుర్తు లేదు. ఆ దుమ్ములో మా టేపు, గది ఆ చివరిదాకా తిన్నగా పరిచినట్టు.

ఎవరూ లేరు. అయినా నా నీళ్ల సీసా లోపల పెట్టి వచ్చాను.

గోడ పగలగొట్టానని పొద్దున్నే మేనేజరు నన్ను సైటు నుంచి గెంటేశాడు. వారం తిరక్కుండా బుల్డోజరు నడిపించారు.

"కూల్చేముందు ఆ గది ఒకసారి చూశారా సార్?" అని అడిగాను.

"డ్రాయింగులో ఆ గది లేదుగా," అన్నాడు.

నేను గీశాను. ఆయన చెరిపేశాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు పటపటా కొరుక్కుంటాను.

తర్వాతెప్పుడో యూసఫ్ భాయ్‌తో, ఆవిడ మా తెలుగామె అయ్యుంటుందన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"తెలుగేంటి భాయ్... ఆమె 'పాణీ' అంది. మా పంజాబీలో. నేను విన్నాను."