గంగన్న ‘పోనియ్’

మస్కట్‌లోని హమ్రియాలో నా స్పేర్ పార్టుల దుకాణాన్ని ఆనుకునే గంగన్న పనిచేసే గ్యారేజీ. కార్ల సొట్టలు తీయడంలో అతన్ని మించినవాడు లేడు. నలిగిన డోరును కూడా కొత్తదానిలా చేసిస్తాడు. అతని కూతురు కవిత మాత్రం సొట్టలు పెట్టే పనిలో చేరింది. అంటే, రేసు కార్లు నడుపుతుంది.

పదకొండేళ్ళప్పుడు జగిత్యాల నుంచి మస్కట్ వచ్చిందీ పిల్ల. ఇక్కడ లైసెన్సు తెచ్చుకోవడమంటే మాటలు కాదు. డ్రమ్ముల మధ్యలోకి బండిని రివర్సులో పెట్టాలి, ఒక్క డ్రమ్మూ తగలకూడదు. నేను రెండుసార్లు తప్పాను. కవిత మొదటిసారే గట్టెక్కింది. కానీ రోడ్డు పరీక్షలో మూడుసార్లు తప్పింది. పక్కన కూర్చున్న పోలీసాయన ‘షువయ్య, షువయ్య’ అని, అంటే మెల్లగా అని, మొత్తుకున్నా వినలేదట. ఎట్టకేలకు లైసెన్సు చేతికొచ్చాక ఒక నర్సరీ బడి వ్యానుకు డ్రైవరైంది. వ్యానులో పిల్లలుంటే మాత్రం నిండుకుండ మోస్తున్నట్టు నడుపుతుంది.

అల్ సువైక్ దాటాక ఖర్జూరపు తోటల వెనక ఒక క్లబ్బువాళ్ళ ట్రాకు ఉంది. చలికాలం శుక్రవారాల్లో, పాత కార్లకు లోపల ఇనుప పైపుల చట్రం బిగించి, అక్కడ పందేలు పెడతారు. గ్యారేజీ యజమాని అర్బాబుకు అదంటే పిచ్చి. ఒకసారి తన డ్రైవరు రాకపోయేసరికి కవితను ఎక్కించాడు. పద్దెనిమిది కార్లలో ఏడోదిగా వచ్చింది. అప్పటినుంచి ఆ సీటు ఆమెదే. ఆడపిల్లకిదేం పనని మా వీధిలో గొణిగినవాళ్ళే ఇప్పుడు ఫోన్లలో ఆమె వీడియోలు చూస్తున్నారు, సిగ్గులేకుండా.

హెల్మెట్ పెట్టుకున్న మనిషికి వెనకా పక్కా ఎవరున్నారో సరిగా కనపడదు. అందుకని ఒకరు ఎత్తున నిలబడి వాకీటాకీలో చెబుతుండాలి. ఆ డ్యూటీ గంగన్నది. తంటా అక్కడే వచ్చింది.

జనవరి రేసులో వెనక నుంచి ఒక తెల్లకారు దూసుకొస్తుంటే గంగన్నకు గుండె జారిపోయి, “పోనియ్ బిడ్డా, పోనియ్!” అని అరిచాడు. వాణ్ణి ముందుకు పోనివ్వమని అతని భావం. కవిత మాత్రం బండి పోనియ్ అనుకుని కాలు నొక్కేసింది. కార్లు రెండూ రాసుకుని, ఈమెది టైర్ల గోడకు గుద్దుకుంది. మనిషికి దెబ్బ తగల్లేదు గానీ, ఆ సొట్టలు తీయడానికి కన్నతండ్రికి నాలుగు రోజులు పట్టింది.

గ్యారేజీలో నా ముందే తగువు.

“పోనియ్ అన్నవ్, పోనిచ్చిన. నాదేం తప్పు బాపూ?”

“ఆన్ని పోనియ్యమన్న, బండిని గాదు!”

“గా ముచ్చట పూరా చెప్పాలె గద!”

చివరికి ఒప్పందం కుదిరింది. ముందుకెళ్ళాలంటే ‘గుంజు’, వెనకవాడికి దారివ్వాలంటే ‘ఇడువు’. ‘పోనియ్’ నిషేధం, ఇంట్లో కూడా. పాపం గంగన్న ఆ మాట సగం అనేసి నాలుక కరుచుకునేవాడు.

కానీ ఆ తర్వాత వాకీటాకీలో అతని నోట ‘ఇడువు’ తప్ప మరోమాట రాలేదు. దారిచ్చీ దారిచ్చీ కవిత పదో స్థానానికి, పన్నెండో స్థానానికి దిగింది. నాకు ఒళ్ళు మండిపోయింది. అర్బాబు తేల్చి చెప్పేశాడు: మార్చిలో ఆఖరి రేసు, మొదటి ముగ్గురిలో వస్తేనే వచ్చే ఏడు కవితకు కారు. లేకపోతే బురైమి నుంచి వేరే డ్రైవరును తెచ్చుకుంటాడు.

“వాకీటాకీకి ఇంకెవర్నన్నా పెట్టుకోరాదే” అన్నాను కవితతో.

“మా బాపు సూడకుంటే నాకు ధైర్యం రాదు కాకా” అంది.

ఆఖరి రేసుకు నేనూ వెళ్ళి గంగన్న పక్కనే నిలబడ్డాను. చివరి రౌండుకు కవిత నాలుగో స్థానంలో ఉంది. ముందున్న నీలం కారు మలుపులో కాస్త బయటికి జరిగింది. లోపలివైపు సరిగ్గా ఒక్క కారు పట్టే సందు. వెనక అదే తెల్లకారు తరుముకొస్తోంది. గంగన్న వాకీటాకీని గుప్పిట్లో బిగించి పట్టుకున్నాడు. ‘గుంజు’ అనలేదు, ‘ఇడువు’ అనలేదు. కళ్ళు మూసుకుని మెల్లగా అన్నాడు:

“పోనియ్.”

కొంప మునిగిందిరా దేవుడా అనుకున్నాను. కవిత సందులోకి దూరింది. పక్క అద్దం విరిగి ఎగిరిపడింది. అయినా ఆగలేదు, మూడో కారుగా గీత దాటింది. నా వయసు మరిచిపోయి గంతులేశాను.

కవిత హెల్మెట్ తీసి పరుగెత్తుకొచ్చింది. “ఆన్ని పోనియ్యమన్నవా బాపూ, బండినా?”

గంగన్న తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

“నీకు చెప్పలే బిడ్డా. బటన్ ఒత్తి ఉన్నదని యాదిల లేదు. నాకు నేను చెప్పుకున్న... పోనియ్ రా గంగన్నా, పిల్లను పోనియ్ అని.”